వెనక అట్ట మీది తేదీలు

రాజమండ్రి ఇన్నీసుపేటలోని ఈ అద్దె పుస్తకాల షాపుకు నేను మళ్లీ వెళ్లింది పుస్తకం తెచ్చుకోవడానికి కాదు, ఇచ్చి రావడానికి. ఇల్లు మారుతుంటే అటక మీది పెట్టెలో యండమూరి వీరేంద్రనాథ్ నవల 'వెన్నెల్లో ఆడపిల్ల' దొరికింది. ఖాకీ అట్ట, మూలలకు గుడ్డ పట్టీలు, మొదటి పేజీలో షాపు వాళ్ల ఊదారంగు ముద్ర. వెనక అట్ట లోపల అంటించిన కాగితం మీద చివరి తేదీ 1989 జూన్ 14. ఆ నెలలోనే నాకు కాకినాడ బదిలీ అయింది. సామానుతో పాటు పుస్తకమూ వచ్చేసింది.

షాపు ఇంకా ఉంటుందని అనుకోలేదు. ఉంది. బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. ఆ వీధిలో ఎవరూ దాన్ని పేరుతో పిలవరు, పుస్తకాల షాపు అంటే చాలు. అప్పట్లో గల్లా దగ్గర కూర్చునే పెద్దాయన పోయారు. ఇప్పుడు ఆయన కొడుకు చూసుకుంటున్నారు, ఆయనకీ యాభై దాటాయి. పుస్తకం చేతికిస్తే ముందు అట్ట చూడలేదు. తిరగేసి వెనక కాగితం చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత సొరుగులోంచి తేదీ ముద్ర తీసి, ఇంకు దిండు మీద అద్ది, 1989 జూన్ 14 కింద ఆ రోజు తేదీ వేశారు.

"జరిమానా ఎంతయింది బాబూ?" అని అడిగాను.

"పుస్తకం వచ్చేసింది కదమ్మా. నాన్నగారు రిజిస్టర్లో దీని పక్కన 'రావలసి ఉంది' అనే రాసుకున్నారు. పోయిందని రాయలేదు."

అప్పటికప్పుడు మూడు వందలు డిపాజిట్టు కట్టి మళ్లీ సభ్యురాలినయ్యాను. అది మూడు నెలల కిందటి మాట. ఈ మూడు నెలల్లో అక్కడి నుంచి పద్నాలుగు పుస్తకాలు తెచ్చుకున్నాను. పన్నెండు యండమూరి వీరేంద్రనాథ్ నవలలే. వయసులో ఉండగా ఆదరాబాదరాగా చదివినవాటిని ఈ వయసులో కుదురుగా చదవాలనిపించింది. అద్దె షాపు ప్రతుల్లోనే చదవాలనిపించింది. ఎందుకో చెబుతాను. అయితే షాపు గురించి రాస్తున్నాను కాబట్టి ముందు పనికొచ్చే సంగతులు.

వెడల్పు పది అడుగులు మించదు, లోపలికి మాత్రం పొడవు. మూడు గోడలకూ టేకు అరలు. కింది వరసల్లో పాత వారపత్రికల బైండులు, నడుమ నవలలు, పైన పురాణాలు, వ్రతకథలు. పై వరస అందుకోవడానికి చిన్న నిచ్చెన ఉంది. పెద్దవాళ్లు ఎక్కక్కర్లేదు, అడిగితే ఆయనే ఎక్కి తీసిస్తారు. నవలకు నాలుగు రోజులకు పది రూపాయలు, ఆపైన రోజుకు మూడు. ఒకసారికి రెండు పుస్తకాలు ఇస్తారు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట వరకు, మళ్లీ సాయంత్రం అయిదు నుంచి ఎనిమిదిన్నర వరకు. ఆదివారం ఒక పూటే. పుస్తకాల జాబితా కంప్యూటర్లో లేదు. ఆయన తలలోనూ, మూడు పొడవాటి రిజిస్టర్లలోనూ ఉంది. ఫోను చేసి అడిగితే ఉందో లేదో చెబుతారు, ఉంటే ఒక రోజు పక్కన పెడతారు.

దుమ్ము పడనివాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్లండి. వానాకాలంలో వెనక గోడ చెమ్మ పడుతుంది, ఆ వైపు అరల్లోని పుస్తకాలకు వాసన ఉంటుంది. స్కూటరు నిలపడానికి సందులో చోటు లేదు. లోపాలంటే ఇవీ, ఇంకొకటీ. ఆ ఇంకొకదాని గురించి తర్వాత.

నాకు బాగా నచ్చింది ఆయన పుస్తకం తిరిగి తీసుకునే పద్ధతి. వంటల పుస్తకం వస్తే మధ్యలో తెరుస్తారు, నూనె మరకలు అక్కడే ఉంటాయట. పిల్లల బొమ్మల కథలు వస్తే మొత్తం తిరగేస్తారు. థ్రిల్లర్ వస్తే నేరుగా చివరి పదహారు పేజీలు లెక్కపెడతారు. అచ్చులో ఒక ఫారం అంటే పదహారు పేజీలు. దారం తెగితే ఊడేది ఫారం ఫారమే. "థ్రిల్లర్‌లో ముందు పేజీ పోతే జనం సర్దుకుంటారమ్మా, చివరి పేజీ పోతే గొడవకొస్తారు" అన్నారు. యాభై ఏళ్ల అనుభవం, తండ్రిదీ కొడుకుదీ కలిపి.

యండమూరి పుస్తకాలకు ఒక పూర్తి నిలువు అర ఉంది. కొన్ని నవలలకు మూడేసి ప్రతులు. ఆ అర ముందు నిలబడితే ఎవరి సాయమూ లేకుండానే ఆయన నలభై ఏళ్ల రాతను కొలవవచ్చు. 'తులసిదళం' ప్రతికి వెనక కాగితం నిండిపోయి, దాని మీద రెండోది, దాని మీద మూడోది అంటించారు. తేదీల మధ్య దూరం ఒక రోజు. ఎక్కడో గానీ రెండు రోజులు లేవు. నాలుగు రోజుల గడువున్నా జనం మర్నాడే తెచ్చి ఇచ్చేశారు. దాని పక్కనే 'విజయానికి ఐదు మెట్లు' ఉంది. అదీ ఆయనదే, తర్వాతి రోజుల్లో రాసిన వ్యక్తిత్వ వికాస పుస్తకం. అక్కడ తేదీల మధ్య దూరం పది రోజులు, పదిహేను రోజులు. ఒకచోట నెల దాటింది. రోజు అద్దె కట్టుకుంటూ కూడా దగ్గర ఉంచుకున్నారన్నమాట. ఒకే రచయిత ఒక పుస్తకాన్ని రాత్రికి రాత్రి చదివించారు, ఇంకొకదాన్ని బల్ల మీద ఉంచుకునేలా చేశారు. ఈ సంగతి కొత్త ముద్రణల వెనక అట్టల మీద దొరకదు.

ఆయనది గోదావరి జిల్లానే. 1948 నవంబర్ 14న రాజోలులో పుట్టారు. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. ఉద్యోగం మొదట రాష్ట్ర ఫైనాన్షియల్ కార్పొరేషన్‌లో, తర్వాత ఆంధ్రా బ్యాంకులో. ఆ ఉద్యోగాలు చేస్తూనే నాటకాలు రాశారు. 'రఘుపతి రాఘవ రాజారాం' ఆ కాలం నాటిదే. తర్వాత నవలలు, వాటి వెంటే సినిమాలు. ఉద్యోగం వదిలి పూర్తిగా రాతనే నమ్ముకున్నది ఆ తర్వాత.

నన్ను అడిగితే ఆ చార్టర్డ్ అకౌంటెంటే ఆయన నవలలకు అసలు రచయిత. ఆడిటర్ ముందు ఖర్చు రాస్తే సరిపోదు, దానికి ఓచరు చూపించాలి. యండమూరి మంచి నవలల్లో ముప్పయ్యో పేజీలో మామూలుగా దొర్లిన ఒక వస్తువుకు మూడు వందలో పేజీలో ఓచరు దొరుకుతుంది. తాళంచెవి గానీ, మందుసీసా గానీ, ఎవరో అన్న ఒక్క మాట గానీ, ఊరికే రాదు. పాతికేళ్ల వయసులో ఆ సంగతి గమనించే తీరిక లేదు, తర్వాత ఏమయిందన్న ఆత్రమే. ఇప్పుడు పెన్సిలు పట్టుకోకుండానే లెక్క సరిచూసుకుంటూ చదివాను. 'అభిలాష'లో లెక్క దాదాపు పైసాతో సహా సరిపోయింది.

నేను 1981లో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. అప్పటికింకా తంతి తపాలా శాఖే. రాజమండ్రి ట్రంక్ ఎక్స్ఛేంజిలో, అంటే వేరే ఊళ్లకు ఫోన్లు కలిపే చోట, వరసగా బోర్డులు, ఒక్కో బోర్డు ముందు ఒక్కో ఆపరేటరు, చెవులకు హెడ్‌సెట్టు, చేతిలో తీగల ప్లగ్గులు. ఆర్డినరీ కాల్, అర్జెంట్ కాల్, అన్నిటికంటే ఎక్కువ రేటుతో లైట్నింగ్ కాల్. ఎవరో హైదరాబాదుకు ట్రంక్ బుక్ చేస్తే టికెట్ రాసుకుంటాం, లైను దొరికేదాకా ఆ టికెట్ మా ముందే ఉంటుంది. ఆ ఖాళీ రెండు నిమిషాలు కావచ్చు, ఇరవై నిమిషాలు కావచ్చు. దీపం వెలగగానే ప్లగ్గు పెట్టాలి.

మా సీనియర్ ఒకావిడ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన 'తులసిదళం' పేజీలు వారం వారం చింపి దాచి, చివరికి బైండు చేయించుకున్నారు. ఆ బైండు మా గదిలో చేతులు మారింది. సాయంత్రం డ్యూటీలో టికెట్ల కట్ట కింద పెట్టుకుని, దీపానికీ దీపానికీ మధ్య నాలుగేసి పేరాలు చదివేదాన్ని. చిన్నపాప మీద చేతబడి, దానికో గడువు. గడువు దగ్గర పడుతున్నకొద్దీ నా బోర్డు మీద దీపం వెలిగితే గుండె ఝల్లుమనేది. ఒకసారి "నెంబర్ ప్లీజ్" అనడానికి గొంతు పెగల్లేదు. అవతల ఎవరో బియ్యం వ్యాపారి "అమ్మా, ఉన్నారా?" అని మూడుసార్లు అడిగాడు.

వారపత్రిక సీరియల్ లక్షణం ఆ బైండులో స్పష్టంగా తెలిసేది. ప్రతి ఏడెనిమిది పేజీలకూ ఒక కుదుపు. వారం ఆగి చదివిన పాఠకుడి కోసం వేసిన ముడి అది. అద్దె షాపు పాఠకుడికీ అదే ముడి పనిచేసింది. ఇక్కడితో ఆపి పడుకుందాం అనుకునే చోట సరిగ్గా ఆ కుదుపు వస్తుంది, తెల్లారితే పుస్తకం ఇచ్చెయ్యాలి, కాబట్టి దీపం ఆర్పరు. వెనక కాగితం మీది ఒక్కరోజు దూరాలకు కారణం ఇదే. వారానికోసారి డబ్బిచ్చి పత్రిక కొనేవాళ్ల కోసం, రోజుకింత అని అద్దె కట్టేవాళ్ల కోసం ఆయన రాశారు. వాళ్ల జేబునూ సమయాన్నీ గౌరవించి రాశారు. ఎక్కడా బద్ధకం కనిపించదు.

ఇదే నవల మీద నాకొక ఫిర్యాదూ ఉంది, నలభై ఏళ్లుగా మనసులో ఉంది. మాతో పనిచేసే ఒకామె పాపకు ఆ రోజుల్లో జ్వరం వచ్చి తగ్గలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ముందు రెండు రోజులు తాయెత్తుల వాడి చుట్టూ తిరిగింది. పాప బతికింది, టైఫాయిడ్ అని తేలింది. ఆ తల్లి చదువురానిది కాదు, మాతో పాటు పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. మేమందరం ఆ బైండు చదివినవాళ్లమే. ఆ తరహా నవలలన్నిటినీ కలిపి క్షుద్ర సాహిత్యం అని విమర్శకులు అన్నప్పుడు కొందరు పాఠకులకు కోపం వచ్చింది. నాకు రాలేదు. ఇప్పుడు మళ్లీ చదివితే ఆయన రెండు దారులూ తెరిచి ఉంచారని అర్థమయింది. ఒకవైపు మంత్రగాళ్ల వివరణ, ఇంకోవైపు వైద్యులది, మనోవిజ్ఞానానిది. రెండు పట్టాలూ చివరిదాకా పక్కపక్కనే నడుస్తాయి. అంత నేర్పుగా నడపడం మామూలు విషయం కాదు. కానీ భయపడ్డ తల్లి ఏ పట్టా ఎక్కుతుందో రచయితకు తెలియదా? తెలిసే ఉండాలి. ఆ పుస్తకాన్ని గొప్పగా రాశారంటాను, ఆ ఒక్క విషయంలో క్షమించలేనని కూడా అంటాను.

'వెన్నెల్లో ఆడపిల్ల' సంగతి వేరు. అది మా పుస్తకం. అంటే టెలిఫోను వాళ్ల పుస్తకం. చదరంగం ఆడే రేవంత్‌కు ఒక అమ్మాయి ఫోను చేస్తుంది, తనెవరో కనుక్కోమంటుంది. చదవనివాళ్ల కోసం ఇంతకంటే చెప్పను. ఇప్పటి పిల్లలకు ఇందులో ముడి ఏముందో అర్థం కాదు, ఫోను మోగగానే నెంబరు తెర మీద కనిపిస్తుంది కదా. అప్పుడు అలా కాదు. అవతలి వాళ్లు పెట్టేస్తే ఆధారమే ఉండదు.

కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడం ఎలాగో చెబుతాను, ఎందుకంటే ఇది చూసినవాళ్లు తగ్గిపోయారు. పాత స్ట్రోజర్ ఎక్స్ఛేంజిలో ఇనుప చట్రాల నిండా స్విచ్చులు ఉండేవి. మీరు అయిదు అని తిప్పితే ఒక స్విచ్చి టకటకమని అయిదు మెట్లు పైకెక్కి, పక్కకు తిరిగి ఖాళీ దారి వెతుక్కునేది. తర్వాతి అంకెకు ఇంకో స్విచ్చి. మాట్లాడుతున్నంతసేపు ఆ స్విచ్చులు ఎక్కడివక్కడ ఆగి ఉంటాయి. ఎవరైనా వేధిస్తున్నారని ఫిర్యాదు వస్తే, కాల్ నడుస్తుండగానే మెకానిక్ చేతిదీపం పట్టుకుని చివరి స్విచ్చి దగ్గర మొదలుపెట్టి, ఏ తీగ మీద ఆగిందో చూసి, దాని ముందుదాని దగ్గరికి, దాని ముందుదాని దగ్గరికి, ఒక చట్రం నుంచి ఇంకో చట్రానికి పరుగెత్తాలి. అవతలి మనిషి ఫోను పెట్టేస్తే అన్ని స్విచ్చులూ ఒక్కసారిగా జారి కింద పడతాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఇంకో రెండు చట్రాల దూరంలో ఉండగా ఆ చప్పుడు వింటే మెకానిక్ మొహం చూడాలి.

ఈ నవల మా గదిలోకి వచ్చినప్పుడు మేము పాఠకుల్లా కాక పరీక్షాధికారుల్లా చదివాం. ఎక్కడ తప్పు రాశాడో పట్టుకుందామని. అప్పట్లో రచయితను ఏకవచనంలోనే అనేవాళ్లం, మన ఇంటివాడన్నట్టు. చదివి లేచాక తప్పుల మాట ఎవరూ ఎత్తలేదు. ఫోనులో గొంతు మాత్రమే తెలిసిన మనిషి మీద ఎంత మమకారం పెరుగుతుందో మాకంటే బాగా ఎవరికి తెలుసు? రోజూ రాత్రి తొమ్మిదింటికి భిలాయ్‌కి ట్రంక్ బుక్ చేసే ఒక పెద్దాయన ఉండేవారు, కొడుకు కోసం. మొహం ఎప్పుడూ చూడలేదు. వారం రోజులు ఆయన గొంతు వినపడకపోతే మేమంతా కంగారుపడ్డాం. అలాంటి మనుషుల మీద, అలాంటి తీగల మీద నవల రాయవచ్చని ఆయనకు తట్టింది. అందుకే ఆ ప్రతి పెట్టెలో ముప్పయ్యేళ్లకు పైగా ఉన్నా నాకు బరువనిపించలేదు.

సినిమాల సంగతి షాపు ఆయనకే బాగా తెలుసు. 'అభిలాష' 1983లో వచ్చింది. ఉరిశిక్ష పోవాలని పోరాడే లాయరు తనే హత్యకేసులో చిక్కుకునే కథ. ఆ సినిమాలో మారుమోగిన, పాత భారత శిక్షాస్మృతిలోని 302వ సెక్షను ఇప్పుడు లేదు. 2024 జూలై 1 నుంచి హత్యకు శిక్ష భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షను కిందికి వచ్చింది. కానీ ఉరి ఉంది. ఆ నవల అడిగిన ప్రశ్నా అలాగే ఉంది. తర్వాత 1984లో 'ఛాలెంజ్', 1986లో 'రాక్షసుడు', 1988లో 'మరణ మృదంగం'. నాలుగింటికీ నిర్మాత కె.ఎస్.రామారావు, దర్శకుడు ఎ.కోదండరామిరెడ్డి, సంగీతం ఇళయరాజా, కథానాయకుడు చిరంజీవి. మధ్యలో 1987లో 'దొంగమొగుడు', 'నల్లంచు తెల్లచీర' నవల నుంచి. తెలుగులో ఒక నవలా రచయిత పేరు చూసి జనం సినిమా టికెట్టు కొన్న రోజులవి. అంతకు ముందు అలా కొన్నది ఎక్కువగా రచయిత్రుల కుటుంబ నవలలకు.

"సినిమా విడుదలైతే పుస్తకానికి గిరాకీ తగ్గుతుందని నాన్నగారు భయపడ్డారమ్మా. మూడో ప్రతి కొనాల్సి వచ్చింది" అన్నారు ఆయన. 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' ప్రతి తీసి చూపించారు. 'ఛాలెంజ్'కు మూలం అదే. వెనక కాగితం మీద 1984, 85 తేదీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

ఆ కథలో లెక్కల మనిషి మళ్లీ కనిపిస్తాడు. సినిమాలో పందెం అయిదేళ్లలో యాభై లక్షలు. నేను అప్పట్లోనే టికెట్ వెనక లెక్కేశాను. నెలకు ఎనభై మూడు వేల మూడు వందల ముప్పయి మూడు రూపాయలు. నా జీతం అన్నీ కలిపి వెయ్యి కూడా లేదు. తెర మీద హీరో పరుగెత్తుతుంటే చప్పట్లు కొట్టాం. నవలలో అయితే ఒక్కో రూపాయి ఎక్కడి నుంచి పుట్టిందో, దాన్ని ఎక్కడ పెడితే రెండయిందో చదువుతూ కూర్చున్నాం. నాకు నవలే ఎక్కువ. రెండున్నర గంటల్లో వ్యాపారం ఎదగడాన్ని పాటతో దాటించక తప్పదు. నాలుగు రోజుల అద్దెలో ఆ దాటించిన భాగమే అసలు రుచి. స్క్రీన్‌ప్లే తెలిసిన మనిషి కాబట్టి తన నవలను తెరకు ఇచ్చేటప్పుడు ఏది వదలాలో ఆయనకు తెలుసు. 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్'కు తనే దర్శకత్వం వహించారు. నాకు ఆ సినిమా గుర్తుండిపోయే అనుభవం కాలేదు.

నచ్చనివి ఇంకా ఉన్నాయి. కొన్ని నవలల్లో హీరోకు తెలియని శాస్త్రం ఉండదు, కథ ఆపి మనకు పాఠం చెబుతాడు. అమ్మాయిలు తెలివిగా మొదలవుతారు, చివరికి వచ్చేసరికి ఎవరి కోసమో త్యాగం చేస్తారు. ఇరవై రెండేళ్లప్పుడు ఆ త్యాగాలకు ఏడ్చాను. ఇప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. పన్నెండింటిలో నాలుగు ఇంకోసారి చదవను. ఎనిమిది చదువుతాను. నలభై ఏళ్ల తర్వాత ఎనిమిది నిలబడ్డాయంటే ఒక థ్రిల్లర్ రచయితకు అది చిన్న సంగతి కాదు. ముడి తెలిసిపోయాక కూడా చదివించాలి కదా.

ఇక చెబుతానన్న ఆ లోపం. 'మరణ మృదంగం' తెచ్చుకున్నాను. రాత్రి పదకొండున్నరకు చివరికి వచ్చాను. పేజీ తిప్పితే అట్ట. ఫారం మొత్తం లేదు. కుట్టు దగ్గర దారం పీచు మాత్రం ఉంది. ఒకసారి చదివిన నవలే, కానీ ముగింపు సరిగ్గా గుర్తు లేదు, గుర్తు చేసుకుందామంటే వేరే నవలల ముగింపులు వచ్చి కలుస్తున్నాయి. తెల్లారేదాకా సరిగా నిద్రపట్టలేదు. పొద్దున తొమ్మిదిన్నరకు షట్టరు ఎత్తే వేళకు షాపు ముందున్నాను. కోపంగానే ఉన్నాను.

ఆయన పుస్తకం తెరిచి వెనక చూసి, ఏమీ అనకుండా రిజిస్టరు తిరగేశారు. నాకంటే ముందు తీసుకున్నవాళ్లు తిరిగి ఇచ్చిన రోజు తను ఊళ్లో లేరు, గల్లా దగ్గర వేరే కుర్రాడు కూర్చున్నాడు. "లెక్కపెట్టి ఉండడమ్మా. తప్పు మాదే" అన్నారు. పది రూపాయలు వెనక్కిచ్చారు. సాయంత్రం ఆరింటికి ఫోను చేశారు. ఆయన దగ్గర చెమ్మకు పాడైన ఇంకో ప్రతి ఉందట, దాని ముందు పేజీలు అతుక్కుపోయాయి కానీ చివరి ఫారం బాగుంది. దాన్ని విప్పి, మొదటి ప్రతికి కుట్టారు. వెళ్లేసరికి అట్టకు జిగురు ఇంకా ఆరలేదు. దబ్బనం, మైనం పూసిన దారం బల్ల మీదే ఉన్నాయి. పదహారు పేజీల రంగు మాత్రం కాస్త ముదురుగా ఉంది.

అక్కడే బెంచీ మీద కూర్చుని ఆ పదహారు పేజీలూ చదివాను. ఆయన లైటు నా వైపు తిప్పారు. ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చి పోటీ పరీక్షల పుస్తకాలు అడిగారు, లేవని చెప్పి పంపారు. అద్దె తీసుకోలేదు. నేను పది రూపాయలు బల్ల మీద పెట్టి వచ్చాను, చదివినదానికి ఇవ్వాలి కదా.

వెళ్లదలచుకున్నవాళ్లకు రెండు మాటలు. థ్రిల్లర్ తీసుకుంటే చివరి ఫారం అక్కడే చూసుకోండి, కానీ చదవకండి. 'తులసిదళం' రెండు ప్రతుల్లో గుడ్డ అట్టది అడగండి, రెండోదాంట్లో ఎవరో మార్జిన్లలో జరగబోయేవన్నీ ముందే రాసేశారు. ఆయన రబ్బరు పెట్టి తుడిచారు గానీ వెలుతురులో వాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది.

నేను తిరిగి ఇచ్చిన 'వెన్నెల్లో ఆడపిల్ల' ఇప్పుడు అరలో లేదు. నాలుగు రోజుల కిందట ఒకమ్మాయి తీసుకువెళ్లిందట, ఇంకా రాలేదు. గడువు నిన్నటితో అయిపోయింది. "ఫోను చెయ్యనామ్మా?" అని ఆయన నన్నే అడిగారు. రెండు రోజులు చూద్దామన్నాను.